బుల్లెమ్మకి లైన్ వెయ్యని లైన్‌మ్యాన్

అరవై దాటిన బుల్లెమ్మ ఫోను మూతి దగ్గర పెట్టుకుని, పసలపాలెం విద్యుత్ సర్కిల్ వారి ‘వింటున్నాం’ యాప్‌లో, ఊరవతల చెవిటివాడిక్కూడా వినపడేటట్టు ఇలా మొరపెట్టుకుంది:

“అయ్యా, మా లైన్‌మ్యాన్ నూకరాజు నాకు లైన్ ఎయ్యట్లేదండి. ఇదిగో అదిగో అని తిప్పుతున్నాడు. పక్కింటి లోవకుమారికి మాత్రం పట్టపగలు నిచ్చెనేసుకుని మరీ ఏసేడు. ఆవిడికో న్యాయం, నాకో న్యాయమా అండి? నేను మాత్రం మనిషిని కానా?”

యాప్ విన్నది. వినడమే దాని పని. విన్నదాన్ని అర్థం చేసుకోవడానికి వేరే మాడ్యూల్ ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీ దానికి తెలుగు నేర్పడానికి ఏ కాలేజీ కుర్రాళ్ళ చాటింగులు తినిపించిందో గానీ, ‘లైన్ ఎయ్యడం’ అన్న మాట చెవిన పడగానే అది సిగ్గుతో ముడుచుకుపోయి, ఫిర్యాదుని ‘కొత్త కనెక్షన్లు’ అన్న గదిలో కాకుండా ‘మహిళా గౌరవ పరిరక్షణ’ అన్న గదిలో పడేసి తలుపేసుకుంది.

సర్కిల్ ఆఫీసులో ఐటీ విభాగం అంటే యామిని. యామిని అంటే ఐటీ విభాగం. కంప్యూటర్ సైన్స్ చదివి, వేలమందితో పరీక్ష రాసి నెగ్గి వచ్చిన ఆ పిల్లకి, ఒకప్పుడు పాత బ్యాటరీలు దాచుకున్న గది ఇచ్చి, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే లాగే బాధ్యత కూడా అప్పగించారు. బుల్లెమ్మ ఫిర్యాదు తెరమీద చూసి యామిని ఎంత నవ్విందంటే, టీ ముక్కులోంచి వచ్చింది. నవ్వు తగ్గాక ‘గది మార్చు’ అన్న మీట కోసం వెతికింది. మీట ఉంది. బూడిద రంగులో ఉంది. నొక్కితే నొక్కించుకుంటోంది గానీ, పలకడం లేదు.

వారం తిరక్కుండా విచారణ మొదలైంది. కమిటీ అధ్యక్షురాలు అకౌంట్సు ఆఫీసర్ శేషారత్నం గారు. ఆవిడ సంతకం పెడితే చుక్క కూడా పక్కకి జరగదు. మైకు పట్టుకోవడానికి యామినిని కూర్చోబెట్టారు.

“చూడండమ్మా, భయపడకుండా చెప్పండి. ఈయన మీకు లైన్ వేశారా, వెయ్యలేదా?”

“ఏత్తే నేనెందుకొస్తానండి బస్సెక్కి ఇంతదూరం?” అంది బుల్లెమ్మ.

“అంటే, వెయ్యలేదన్నదే మీ బాధ.”

“మరేనండి. అప్పు చేసి పిండిమర కొనుక్కున్నానండి. కొని, దుప్పటి కప్పి కూర్చోబెట్టాను. ఈయనేమో ముందు సింగిల్ ఫేజుతో సర్దుకో పిన్నీ అంటాడు. నాకు చాలదండి. త్రీ ఫేజు కావాలి.”

శేషారత్నం గారు మంచినీళ్ళు తాగారు. “మరి పక్కింటావిడకి ఎక్కడ వేశాడు?”

“డాబా మీదండి. ఊరంతా చూసింది. వాళ్ళాయనే కింద నిచ్చెన పట్టుకున్నాడు.”

నూకరాజు వంతు వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, చేతులనిండా తీగలు గీరిన మచ్చలు. “లైన్లెయ్యడమే నా ఉజ్జోగం మేడమ్ గారండి. మా నాన్నా ఇదే చేసేవోడు. ఆయన పోతే ఆ పని నాకిచ్చారండి.”

“వంశపారంపర్యం,” అని గుమాస్తాచేత రాయించారు శేషారత్నం గారు. “ఈవిడ మీకేమవుతారు?”

“వరసకి పిన్నండి.”

“వరస కూడా కలిపాడు. రాయండి.”

యామిని ఇక ఉండబట్టలేక మైకు దించింది. “మేడమ్, లైన్ అంటే ఇక్కడ కరెంటు తీగండి. మీక్కూడా తెలుసు కదా!”

“నాకెందుకు తెలీదమ్మా? మా ఇంటికీ ఉంది,” అన్నారు శేషారత్నం గారు ఎంతో శాంతంగా. “కానీ ఫిర్యాదు ఏ గదిలో పడింది? ఈ గదిలో లైన్ అంటే ఒక్కటే అర్థం. గది మార్చే అధికారం నాకు లేదు. నీకుందా?”

లేదు. బూడిద రంగు మీట గుర్తొచ్చి యామిని మళ్ళీ మైకు ఎత్తింది.

ఉత్తర్వు ఇలా వెలువడింది: “సదరు ఉద్యోగి ఒక మహిళకు లైన్ వేసియు, మరియొక మహిళకు వేయకయు, పక్షపాత బుద్ధితో సంస్థ ప్రతిష్ఠకు భంగము కలిగించినందున, ఫిర్యాదు ముగియునంతవరకు సస్పెండు చేయడమైనది. అంతవరకు ఎవ్వరికిని లైన్ వేయరాదు.”

ఆ కాగితం నూకరాజు కంటే ముందు ఇంటికి చేరింది. అతని భార్య వీరవేణి చదువుకున్న మనిషే. రెండుసార్లు చదివింది. తర్వాత నూకరాజు కటింగ్ ప్లేయరు, తాడు, రబ్బరు చేతితొడుగులు వరసగా వీధిలోకి వచ్చాయి. వాటి వెనకాల ఆవిడ గొంతు వచ్చింది. “ఊరందరికీ లైనేసే మొగోడివి, ఇంట్లో నీకేం పని? పోయి ఆ స్తంభం మీదే కాపరం పెట్టు!”

మర్నాడు నూకరాజు బ్యాటరీల గదికొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“మేడమ్ గారండి, ఉజ్జోగం సంగతి తర్వాత చూద్దారి. ముందు ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని ఓ కాగితం రాసియ్యండి. గుండ్రటి స్టాంపు గుద్ది మరీ. మా ఇంటిది స్టాంపు లేనిదే నమ్మదు.”

“నేను రాసిస్తే చెల్లదు నూకరాజు గారూ. ఎస్‌ఈ గారిని అడుగుతాను.”

“అడగండమ్మా. సెక్షన్ ఆఫీసు బల్ల మీద పడుకుంటే నడుం పట్టేత్తందండి.”

సర్కిల్ మొత్తానికి పెద్ద, సూపరింటెండింగ్ ఇంజనీరు పరబ్రహ్మం గారు. యామిని చెప్పింది విని ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే, ఒక సంఘం పుట్టబోతోందని అర్థం.

“ఒకే మాటకి రెండర్థాలా? ఒకే ఉద్యోగికి రెండు కుర్చీలు వేస్తామా మనం? ఇదమ్మా అసలు జబ్బు! నూకరాజుది లక్షణం మాత్రమే.”

అలా ‘పదార్థ ఏకీకరణ సంఘం’ ఏర్పడింది. ప్రశ్న అడిగిన పాపానికి యామిని కన్వీనర్. ‘లైన్’ అన్న మాటకి ఎవరి దగ్గర ఏ అర్థం ఉంటే అది తెచ్చి సరెండర్ చెయ్యాలని అన్ని విభాగాలకీ కబురెళ్ళింది.

అందరూ తెచ్చారు. ఎవరిది వాళ్ళు గట్టిగా పట్టుకునే తెచ్చారు.

స్టోర్సు వాళ్ళు లైన్ అంటే తీగ అన్నారు. బిల్లుల కౌంటర్ వాళ్ళు, జనం తోసుకుంటూ నిలబడేదే లైన్ అన్నారు. టెలిఫోన్ దగ్గర కూర్చునే అమ్మాయి, “మరి నేను రోజంతా ‘లైన్‌లో ఉండండి’ అంటున్నది ఎవర్నండీ?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సివిల్ విభాగం లైన్ ఇళ్ళు చూపించింది. యూనియన్ నాయకుడు, “మా లైన్ మా ఇష్టం, మేనేజ్‌మెంట్ జోక్యం సహించం,” అని వాకౌట్ చేసి, టీ తాగి మళ్ళీ వచ్చాడు. క్రికెట్ ఆడే జూనియర్ ఇంజనీరు బంతి లైన్ గురించి లేచి బ్యాటుతో సహా చూపించాడు. సినిమా పిచ్చి ఉన్న టైపిస్టు, “నా దగ్గర మంచి లైన్ ఉంది సార్, వింటారా? హీరో లైన్‌మ్యాన్...” అని మొదలుపెడితే కూర్చోబెట్టారు.

“ఇంగ్లీషు మాట కాబట్టి ఇన్ని తిప్పలు. శుభ్రంగా తెలుగులో ‘వరస’ అని పెట్టేస్తే?” అన్నాడు ఎవరో వెనకనుంచి.

“కుదరదు,” అన్నారు శేషారత్నం గారు. “అప్పుడు లైన్‌మ్యాన్ ‘వరసైనవాడు’ అవుతాడు. ఇంటింటికీ వరసైనవాణ్ణి పంపించే వ్యవస్థ మన దగ్గర లేదు.”

మధ్యాహ్నం దాటింది. యామినికి ఆకలేస్తోంది. “సార్, అంతగా అసలు అర్థమే కావాలంటే,” అంది విసుగ్గా ఫోను చూస్తూ, “లాటిన్ వాళ్ళ దగ్గర అవిసె మొక్క ఉండేది. దాని నారతో తీసిన దారాన్ని ‘లీనియా’ అనేవాళ్ళు. ఆ దారాన్ని లాగి పట్టుకుని తిన్నగా గీతలు గీసేవాళ్ళు. దారం పోయింది, గీత మిగిలింది. ఆ గీతలోంచే మీ క్యూలూ, తీగలూ, ఫోన్లూ, అన్నీ పుట్టుకొచ్చాయి. కాబట్టి లైన్ అంటే అవిసె దారం. అదొక్కటే పెట్టుకుందాం, గొడవొదిలిపోతుంది!”

యామిని అన్నది వెక్కిరింపుగా. కానీ మీటింగ్ మినిట్స్‌లో వెక్కిరింపుకి విడిగా కాలమ్ లేదు.

“అవిసె!” పరబ్రహ్మం గారి మొహం వెలిగిపోయింది. “రోజూ పొద్దున్నే మా ఆవిడ మజ్జిగలో ఆ గింజల పొడే కలిపిస్తుంది. గుండెకి మంచిది. మూలార్థమే అధికారిక అర్థం. మిగతావన్నీ ఆక్రమణలు. తొలగించండి!”

సర్క్యులర్ వెళ్ళింది. మర్నాటినుంచి బిల్లుల కౌంటర్ దగ్గర ‘లైన్‌లో నిలబడుడు’ అన్న బోర్డు కింద, జనం తలో చోటా దారం పట్టుకుని నిలబడ్డారు. టెలిఫోన్ అమ్మాయి “దారం పట్టుకుని ఉండండి” అంటోంది. ఇవన్నీ నవ్వుకోడానికి బాగానే ఉన్నాయి గానీ, ఒక్కటి మాత్రం యామినికి నవ్వు తెప్పించలేదు. స్తంభం ఎక్కే ముందు లైన్‌మ్యాన్ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ‘లైన్ క్లియర్’ అడుగుతాడు. అక్కడి ఆపరేటర్ కరెంటు ఆపి, ఇచ్చాను అంటేనే పైకి ఎక్కుతాడు. ఇప్పుడు ‘లైన్ క్లియర్’ అంటే, సర్క్యులర్ ప్రకారం, ‘దారము తొలగించుట’.

“సార్, దీంతో మనుషులు పోతారు,” అంది యామిని.

“అనుబంధంలో పరిశీలిద్దాం,” అన్నారు పరబ్రహ్మం గారు.

ఒక మేలు మాత్రం జరిగింది. లైన్ అంటే దారమే అయినప్పుడు, నూకరాజు లోవకుమారికి వేసింది దారమే, బుల్లెమ్మకి వెయ్యనిదీ దారమే. దారంతో ఏ మహిళా గౌరవానికీ భంగం లేదు. సస్పెన్షన్ ఎత్తేశారు. కాకపోతే షరతు పెట్టారు: బుల్లెమ్మకి వెంటనే దారం వెయ్యాలి, ఆవిడ యాప్‌లో ‘సంతృప్తి’ అని చెప్పాలి. లేకపోతే సస్పెన్షన్ మళ్ళీ మొదటికి.

టెండరు పిలిచి తెప్పించిన అవిసె దారపు ఉండ భుజాన వేసుకుని నూకరాజు వెళ్ళాడు. స్తంభం నుంచి మర గది దాకా దారం కట్టాడు. బుల్లెమ్మ చీర చెంగు నడుముకి దోపుకుని చూసింది.

“ఏంట్రా ఇది?”

“లైన్ పిన్నీ.”

“దీనిమీద నా జాకెట్లు ఆరేసుకోనా?”

“పిన్నీ, నీ కాళ్ళట్టుకుంటాను. సంతృప్తి అని ఓ ముక్క ఫోన్లో చెప్పు. నా ఉజ్జోగం నిలబడద్ది. వీరవేణి నన్ను ఇంట్లోకి రానిత్తది. ఆఫీసు బల్ల మీద పడుకుని నడుం పట్టేసింది.”

“నా మర తిరిగితే అంటాను. అప్పటిదాకా ఆ మాట నా నోట రాదు. నీకు నడుం నొప్పి అయితే నాకు అప్పు నొప్పిరా అబ్బాయ్!”

పాపం, ఆవిడ తప్పు మాత్రం ఏముంది? నూకరాజు అరుగుమీద కూలబడి దారం వైపు చూశాడు. ఆవిడ కనెక్షన్‌కి ఎప్పుడో మంజూరైన నల్ల తీగ సెక్షన్ ఆఫీసులో చుట్టగా పడి ఉంది. వెయ్యబోయేలోపే ఈ రామాయణం వచ్చిపడింది. అదీగాక, ఏ తీగ లాగాలన్నా ముందు ఒక సన్నతాడు లాగి, దాని కొసకి తీగ కట్టి గుంజడం అతనికి అలవాటే.

“దారం ఎలాగూ కట్టేసి ఉంది కదండి,” అని తర్వాత యామినితో చెప్పాడు. “దాని కొసకి తీగ ముడేసి అటునుంచి లాగేసానండి. తీగ చుట్టూ మళ్ళీ దారం చుట్టేసాను. సూత్తానికి దారమే.”

“కరెంటు ఆపించారా ముందు?”

“ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే ఏ దారం తియ్యాలన్నాడండి. సబ్‌స్టేషన్‌కి సైకిలేసుకెళ్ళి, నేనే దగ్గరుండి ఆపించుకొచ్చాను.”

మర తిరిగింది. బుల్లెమ్మ మొదటి వాయ బియ్యప్పిండి పట్టి, ఫోను తీసి, “సంతృప్తి! సంతృప్తి!” అని రెండుసార్లు అరిచింది. నూకరాజు ఉద్యోగం గట్టున పడింది. ఇంటి ముందుకెళ్ళి గేటు దగ్గర దగ్గాడు. వీరవేణి తలుపు తియ్యలేదు గానీ, కిటికీలోంచి చారు పోసిన అన్నం గిన్నె ఇచ్చింది.

కథ ఇక్కడితో ఆగితే అందరూ బాగుండేవారు. కానీ ‘దారము వేయబడినది, మర తిరుగుచున్నది, సంతృప్తి’ అన్న మూడు ముక్కలూ పరబ్రహ్మం గారు ఒకే చోట చదివారు. చదివి కళ్ళజోడు తుడిచారు.

దారంలో కరెంటు ప్రవహిస్తోంది!

ఆ ముక్క హెడ్ ఆఫీసుకెళ్ళింది. అక్కడ సంస్కరణల డైరెక్టర్ హయగ్రీవరావు గారికి చాలాకాలంగా చెప్పుకోడానికి సంస్కరణ లేదు. ఆయన ‘మొక్క నుంచి విద్యుత్తు’ అని పత్రికలకి ప్రకటన పంపేసి, కారెక్కేశారు.

బుల్లెమ్మ మర ముందు షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. వీరవేణి కూడా వచ్చి, లోవకుమారికి దూరంగా నిలబడింది. నూకరాజు మొహం కాలిన బల్బులా ఉంది. తీగ బయటపడితే, సర్క్యులర్‌ని ధిక్కరించినందుకు ఈసారి సస్పెన్షన్ కాదు, ఏకంగా ఇంటికే.

“ఏం కాదు,” అని యామిని గొణిగింది. “రిబ్బన్ కోసి, ఫొటో దిగి వెళ్ళిపోతారు.”

హయగ్రీవరావు గారు రిబ్బన్ కోశారు. ఫొటో దిగారు. వెళ్ళిపోలేదు.

“ఈ చారిత్రక దారం ముక్కొకటి మన బోర్డు రూములో అద్దాల పెట్టెలో ఉండాలి,” అని, చేతిలో ఉన్న స్టీలు కత్తెరతోనే నూకరాజు నిచ్చెన రెండు మెట్లెక్కారు.

నూకరాజు ఉద్యోగం మాట మర్చిపోయి అరిచాడు. “సార్! ముట్టుకోకండి సార్! లైన్ ఉంది!”

ఏ లైన్‌మ్యానైనా అరిచేది అదే. లైన్ ఉంది అంటే కరెంటు ఉంది అని.

“ఉందయ్యా, కనపడుతూనే ఉంది. అందుకేగా వచ్చాను,” అన్నారు డైరెక్టర్ గారు నవ్వుతూ.

యామిని అప్పటికే సబ్‌స్టేషన్‌కి ఫోన్ కలిపింది. “అర్జెంటుగా లైన్ క్లియర్ ఇవ్వండి!”

“ఏ దారం తొలగించాలి మేడమ్?”

“దారం కాదు! కరెంటు ఆపండి!”

“కరెంటు ఆపాలంటే పద్ధతిగా లైన్ క్లియర్ అడగాలి కదా మేడమ్. ఉండండి, సర్క్యులర్ చూసొస్తాను.”

కత్తెర నోరు తెరుచుకుంది. దారం రెండు పెదాల మధ్యకి వచ్చింది. నూకరాజు నిచ్చెన వైపు ఉరికాడు గానీ మధ్యలో పరబ్రహ్మం గారు అడ్డం. “క్రమశిక్షణ! క్రమశిక్షణ!”

అప్పుడు మర గదిలోంచి చేటెడు బియ్యప్పిండి గాల్లోకి లేచి, హయగ్రీవరావు గారి మొహాన పడింది. దాని వెనకే చేట వచ్చి ఆయన మణికట్టుకి తగిలింది. ఆ వెనకే బుల్లెమ్మ.

“దిగరా! సత్తావురా సచ్చినోడా!”

కత్తెర కిందపడింది. డైరెక్టర్ గారు దాని పక్కనే పడ్డారు. ఆ ఊపులో తెగింది దారం ఒక్కటే. అది మెల్లగా విడిపోయి జారిపోతే, కింద నల్లటి తీగ అందరికీ నిగనిగలాడుతూ కనపడింది.

పిండిలో కళ్ళు మాత్రమే కనపడుతున్న హయగ్రీవరావు గారు తీగని చూశారు, కత్తెరని చూశారు, తన చేతిని చూసుకున్నారు. అర్థమైంది.

“ఆవిడ ‘సత్తావురా’ అంది కదా, ఆ మాటకి... ఎన్ని అర్థాలున్నాయి?” అని యామినిని అడిగారు నెమ్మదిగా.

“ఒక్కటే సార్.”

“మంచిదైంది.” లేచి నిలబడ్డారు. అప్పుడు గొంతులోకి మళ్ళీ డైరెక్టర్ వచ్చాడు. “ఎవరు పెట్టారీ తీగ?”

నూకరాజు ముందుకొచ్చాడు. “నేనేనండి.”

“సార్,” అంది యామిని, “ప్రకటన పొద్దున్నే పత్రికలకి వెళ్ళిపోయింది కదండీ? ఇది తీగ అంటే, ప్రకటన ఏమవుతుంది?”

హయగ్రీవరావు గారు కళ్ళు ఆర్పారు. ఆయన కనురెప్పల మీదనుంచి పిండి రాలింది. తర్వాత అక్కడే, షామియానా కింద, ఉత్తర్వు చెప్పి రాయించారు:

“సదరు లైన్ మూలార్థమున దారమే. దాని లోపలి భాగము నల్లగా నుండును. ఇకమీదట రాష్ట్రమంతటను దారము లోపల ఇటువంటి నల్లని భాగము తప్పక ఉండునట్లు చూడవలెను. ముట్టుకొనరాదు. మొట్టమొదటి దారము వేసిన నూకరాజును ఉద్యోగమున కొనసాగించి, శాలువతో సత్కరించవలెను.”

పరబ్రహ్మం గారు చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ గారికి కప్పిన శాలువానే తీసి నూకరాజుకి కప్పేశారు.

వీరవేణి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నల్ల తీగని కింద నుంచి పైదాకా చూసింది. “ఇదా నువ్వు లోవకుమారికేసిన లైను?”

“ఇదేనే.”

“ఈ ముక్క ముందే చెప్పడానికి నోరు పెగల్లేదా?”

“చెప్పానే! లైనేసిన మాట నిజమే గానీ అలాటి లైను కాదే అని చెప్తూనే ఉన్నాను. నువ్వు సామాన్లు విసురుతూనే ఉన్నావు.”

“పద ఇంటికి. శాలువాకి పిండంటింది, ఉతకాలి,” అని అతని ప్లేయరు సంచీ తనే భుజాన వేసుకుంది.

లోపల బుల్లెమ్మ మర ఆన్ చేసింది. పోయిన పిండికి బదులు ఇంకో వాయ పట్టుకోవాలి కదా.

యామిని నిచ్చెన మెట్టు మీద కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న ఫోన్లోంచి, ఎక్కడో చాలా దూరంనుంచి, ఓపిగ్గా, వినయంగా ఒక గొంతు పిలుస్తోంది.

“మేడమ్... హలో మేడమ్... లైన్‌లోనే ఉన్నారా?”

యామిని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“ఏ అర్థంలో అడుగుతున్నారు?” అంది.